బుధవారం మోగిన సైరన్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఆదివారం పొద్దున మా గేటు దగ్గరికి వచ్చి కూర్చున్న ఆమె మీద కూడా ఆ కోపమే చూపించాను. ఇప్పుడు తలచుకుంటే తల కొట్టేసినట్టు ఉంటుంది.

ఆమె మా శామీర్‌పేటలో మా వీధి చివర ఇంట్లో ఉంటుంది. నేను అక్కా అంటాను, వరసతో పని లేకుండా మా అమ్మను ఆమె వదినా అంటుంది. తుర్కపల్లిలో ఒక ల్యాబ్‌లో కోల్డ్ రూమ్ చూసుకునే పని. ట్రేలు లోపల పెట్టాలి, బయటికి తీయాలి, తలుపు వేయాలి. ఆ వారంలో ఒక రోజు ట్రాలీ బయటికి లాగి తలుపు నెట్టి పోయింది. తలుపు అంచున ఉండే రబ్బరుకు మంచు పట్టి, పడ్డట్టే పడి మళ్లీ కొంచెం తెరుచుకుంది. ఆమె పక్క గదిలో ఖాళీ ట్రేలు కడుక్కుంటూ ఉంది. తర్వాతి షిఫ్టు వాళ్లు వచ్చి చూసేసరికి లోపలి శాంపిళ్లన్నీ పాడైపోయాయి.

అలా తలుపు తెరిచి ఉండిపోతే నిమిషం తర్వాత సైరన్ మోగాలి. ఆ సైరన్ డబ్బా తయారు చేసేది మేడ్చల్‌లో నేను పనిచేసే చిన్న కంపెనీ. దాని లోపలి కోడ్ చూసేది నేను.

“మోగలే వదినా. నా పిల్లల మీద ఒట్టు” అంది అక్క మా అమ్మతో. “మోగితే ఉరికి పోయి ఎయ్యనా? డోర్ మర్సిపోయి అబద్ధమాడుతున్నవు అంటున్నరు. శుక్కురారం ఎంక్వైరీ పెట్టిన్రు, అప్పటిదాంక ఇంట్లనే ఉండుమన్నరు. కాంట్రాక్టు పని, పోతే మల్ల రాదు.”

అమ్మ నా వైపు తిరిగింది. “గా డబ్బ మీదే గదనే?”

నేను టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మా డబ్బాను ఎవరైనా ఒక మాట అంటే నన్ను అన్నట్టే ఉంటుంది నాకు. “మా డబ్బ మోగకపోవుడు ఉండదక్కా. టెస్ట్ జేసే ఇస్తం. తప్పు జేసినోళ్లు అందరు డబ్బ మోగలేదనే అంటరు” అన్నాను. అన్నాక కూడా ఏమీ అనిపించలేదు. ఆమె కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది. అమ్మ మాత్రం, “గట్ల మొఖం మీద అంటరానే!” అని ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే మా ఓనర్ పిలిచాడు. ఆయనది మేడ్చల్ పక్క ఊరే. రోడ్డు మీదికి వచ్చిన పొలం అమ్మి ఈ షెడ్డు పెట్టాడు. కంప్యూటర్ సంగతులు ఏమీ తెలియవు. తెలియదని దాచుకోడు కూడా.

“చెల్లె, తుర్కపల్లి ల్యాబోళ్లు పరేషాన్ జేస్తున్నరు. మన డబ్బల తప్పేం లేదని సూపియ్యాలె. డోర్ ఎంతసేపు తెరిచున్నదో డబ్బనే రాసుకునేటట్టు జల్దీ చెయ్యి. బుధారం పోయి ఎక్కిచ్చి, సైరన్ మోగిచ్చి సూపిచ్చి రా.”

“ఎంత పని అన్నా, ఒక్క లైను” అన్నాను.

ఆ డబ్బాలో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే భాగం కెర్నల్. తలుపు తెరుచుకుంది, ఇంతసేపు అయింది, ఇక మోగు అని చెప్పే మా కోడ్ ఆ కెర్నల్ లోపలే ఉంటుంది. పాత డబ్బాల్లో ముప్పై రెండు బిట్ల చిప్పు, కొత్తవాటిలో అరవై నాలుగు బిట్లది. రాసే కోడ్ ఒక్కటే, కానీ ఏ చిప్పుకు ఆ చిప్పుకు విడిగా కంపైల్ చేసుకోవాలి, అంటే ఆ చిప్పు భాషలోకి మార్చుకోవాలి. తుర్కపల్లిలో ఉన్నది పాత డబ్బా.

లైను రాశాను. నా ల్యాప్‌టాప్‌లో కంపైల్ అయింది. కొత్త బోర్డుకు అయింది. పాత బోర్డుకు మాత్రం మొత్తం సాఫీగా నడిచి నడిచి సరిగ్గా ఆఖర్న ఎర్రర్ కొట్టింది. ఏదో ఫంక్షన్ పేరు చెప్పి, అది ఎక్కడా దొరకడం లేదంటుంది. ఆ పేరు నేను రాయలేదు. మా కోడ్ మొత్తం వెతికినా లేదు. నీ మొకం మండ, నేను పిలవని పేరు నీకెట్లా దొరుకుతుంది అని దాన్ని తిట్టాను. అంతా చెరిపేసి మళ్లీ మొదటి నుంచి కంపైల్ చేశాను. కంపైలర్ వెర్షన్ మార్చాను. సెట్టింగులు ఎవరో కెలికారని పక్క సీటు వాళ్ల మీద అరిచాను. ఎర్రర్ మాత్రం అక్కడే కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక బుద్ధి వచ్చి, నా లైనును ముక్కలుగా విడగొట్టి చూశాను. తప్పు భాగహారంలో ఉంది. మేము కాలాన్ని నానోసెకన్లలో కొలుస్తాం, అంటే సెకనులో వంద కోట్ల ముక్కలు. దాన్ని సెకన్లలోకి మార్చాలంటే పెద్ద సంఖ్యను భాగించాలి. కొత్త చిప్పు ఆ పని తనే చేసుకుంటుంది. పాత చిప్పుకు అంత పెద్ద సంఖ్య ఒక్కసారిగా చేతకాదు. అందుకని కంపైలర్ తనంతట తనే ఒక సహాయక ఫంక్షన్‌ను పిలుస్తుంది. మామూలు ప్రోగ్రాములకు అది దొరుకుతుంది, కెర్నల్‌లో మాత్రం ఉండదు. కెర్నల్‌లో ఆ భాగహారానికి వేరే పద్ధతి ఉంది, మనమే గుర్తు పెట్టుకుని రాయాలి. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ ఒకసారైనా ఈ గుంతలో పడతారు. నేను పడటం కూడా మొదటిసారి కాదు.

ఛీ, ఇంతేనా అనుకుని ఆ పద్ధతి రాయబోయాను. చెయ్యి ఆగింది. సరిగ్గా పైన, సైరన్ మోగించాలా వద్దా అని తేల్చే చోట, ఇదే భాగహారం ఉంది. మరి దానికి ఎర్రర్ ఎందుకు రాలేదు?

దగ్గరికి పోయి చదివాను. అక్కడ భాగించే ముందు ఆ పెద్ద సంఖ్యను ముప్పై రెండు బిట్లకు కుదించారు. అలా కుదిస్తే పాత చిప్పు కిక్కురుమనదు. ఎర్రర్ పోతుంది, వార్నింగ్ కూడా రాదు. కానీ ముప్పై రెండు బిట్లలో నానోసెకన్లు పట్టేది నాలుగు సెకన్ల చిల్లర మాత్రమే. అది దాటగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. తలుపు గంట తెరిచి ఉన్నా పాత డబ్బా లెక్కలో నాలుగు సెకన్లు మించదు. అరవై సెకన్లు ఎప్పటికీ రావు.

మరి టెస్టులో ఎలా మోగింది? ఇది మా ఆఫీసులో అందరూ చేసే పని. ప్రతి డబ్బా ముందు నిమిషం నిమిషం ఎవరు నిలబడతారని, టెస్టులో ఆ అరవైని మూడు చేసుకుంటాం. మూడు సెకన్లకు కుయ్యిమంటుంది, టిక్కు పెట్టి పక్కన పెడతాం. ఎన్నో డబ్బాలకు నేనే అలా టిక్కు పెట్టాను. నా బల్ల మీద ఉన్న పాత బోర్డుకు అరవై పెట్టి, తలుపు తెరిచినట్టు లెక్క పడేలా దాని అయస్కాంతం తీసి పక్కన పెట్టాను. టీ తాగి వచ్చాను. బోర్డు నోరు విప్పలేదు.

అక్క చెప్పింది నిజం.

ఏ లైను ఎవరు రాశారో చూపించే కమాండ్ ఒకటి ఉంటుంది. కొట్టాను. పోయిన వానాకాలం కొత్త బోర్డు కోడ్‌ను పాత డబ్బాలకు కూడా ఎక్కించినప్పుడు మారిన లైను అది. మార్చింది మా సార్.

సార్ అంటే నాకు కాలేజీలో పాఠం చెప్పిన సార్. కోస్తా వైపు మనిషి, కొంపల్లిలో ఒక కాలనీలో ఉంటారు. రిటైరయ్యాక మా కంపెనీలో చేరారు, నన్ను చేర్పించిందీ ఆయనే. మా ఊరి నుంచి అప్పట్లో ఆ కాలేజీకి వచ్చే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ప్లాట్ల వ్యాపారం చూసుకునే మా నాయిన పెళ్లి చేసి పంపుతానంటే, ఇంటికి వచ్చి, “ఈ పిల్లను చదవనివ్వండి” అని చెప్పిన మనిషి ఆయన. ఎర్రర్‌ను తిట్టకండి, అది మీ మేలు కోరి అరుస్తోంది అని ఆయనే చెప్పేవారు. అలాంటి మనిషి ఏదో హడావుడిలో, కొంచెం అలసటలో, ఆ ఎర్రర్‌ను ఒక్క తోపుతో తోసేశారు.

ఆయన నాకు రెండు బల్లల అవతలే ఉన్నారు. లేచి వెళ్లి చెప్పొచ్చు. చెప్పలేదు. గురువు తప్పును నలుగురిలో ఎలా ఎత్తి చూపుతాం, మా ఇంట్లో పెంపకం అది కాదు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. సార్ పరువు అనుకున్నాను గానీ, ఆదివారం అక్క మొహం మీద అన్న మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుందనే భయం కూడా అందులో ఉంది. అది ఎక్కువో ఇది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేను.

రెండు లైన్లనూ సరిచేశాను. మార్పు కింద, ఏం మార్చామో రాసే చోట, “పాత బోర్డుకు భాగహారం శుభ్రం చేశాను” అని రాశాను. ఇల్లు ఊడ్చినట్టు!

బుధవారం తుర్కపల్లి వెళ్లాను. ల్యాబ్ సూపర్‌వైజర్ మర్యాదగా కాఫీ తెప్పించాడు. నేను డబ్బాలో కొత్త కోడ్ ఎక్కించాను. అప్పుడు ఆయన, “ఇక చూపించండి మేడం” అన్నాడు. కోల్డ్ రూమ్ తలుపు తెరిచి నిలబడ్డాం. చల్లగాలి కాళ్ల మీదికి వస్తోంది. నిమిషం కాగానే సైరన్ మోగింది. ఎంత గట్టిగా మోగిందంటే కారిడార్‌లో పోతున్నవాళ్లు ఆగి చూశారు.

“బాగానే మోగుతోంది కదా” అన్నాడు ఆయన తలుపు మూస్తూ. “అంటే ఆమె అబద్ధం చెప్పినట్టేగా మేడం?”

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పుడు అర్థమైంది నేను ఏం చేశానో. ముందే కోడ్ మార్చి, తర్వాత మోగించి చూపించాను. డబ్బా పాడై ఉందని చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని నా చేతులతో తుడిచేశాను. ఇప్పుడైనా నోరు తెరిస్తే సరిపోయేది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, కాఫీ బాగుందని చెప్పి వచ్చేశాను. అవును, కాఫీ బాగుందని చెప్పాను.

ఆ సాయంత్రం అక్క ఇంటి ముందు నుంచి పోవడానికి మొహం చెల్లక, వెనక సందులోంచి ఇంటికి వెళ్లాను. సొంత ఊర్లో దొంగలా నడిచాను.

గురువారం పొద్దున సార్ పిలిచారు. అందరి మార్పులూ ఆయన వచ్చీరాగానే చదువుతారు, అది ఆయన అలవాటు. ఆయన స్క్రీన్ మీద నేను మార్చిన లైన్లు ఉన్నాయి.

“ఏమ్మా, ఈ పైన ఉన్న లైను ఎవరిది?”

“పాతది సార్.”

“పాతదని నాకూ కనిపిస్తోంది. ఎవరిది?”

నేను నేల చూశాను.

“నాది” అన్నారు ఆయనే. “చూడగానే తెలిసింది. అయ్యో, ఎంత పని చేశాను! మరి కింద శుభ్రం చేశానని రాశావేంటి? ఇది శుభ్రమా? సైరన్ మోగేది కాదు, ఇప్పుడు మోగుతుంది అని రాయాలి కదా?”

“మీ పేరు బయటికి వస్తుందని సార్.”

“నా పేరా!” అని నవ్వబోయి ఆగిపోయారు. మొహం మారింది. “తుర్కపల్లి డబ్బాలో ఇది ఎప్పుడు ఎక్కించావు? నిన్న వాళ్లకు మోగించి చూపించావటగా. చూపించాక ఎక్కించావా, ముందా?”

“ముందు సార్.”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనుకున్నాను. కాలేజీలో అసైన్‌మెంట్ కాపీ కొట్టి దొరికినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

“ఆ కోల్డ్ రూమ్ ఆవిడ మీ ఊరేనని మొన్న నువ్వే అన్నావు కదమ్మా” అన్నారు చాలా నెమ్మదిగా. “నేను ఎర్రర్ నోరు మూయించాను. నువ్వు మనిషి నోరు మూయించావు. నా కోసం అంటున్నావే, నేను నీకు చెప్పిన చదువు ఇదా?”

ఆఫీసులో అందరూ వింటున్నారు. విననీ. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆయన నన్ను ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే సరి.

ఇద్దరం ఓనర్ గదికి వెళ్లాం. సార్ మొత్తం చెప్పారు. ఓనర్ కుర్చీలోంచి లేచి నిలబడి, “ఏంది సారు మీరు మాట్లాడేది! గీ మాట ల్యాబ్‌ల చెప్తే మనకు ఆర్డర్ ఇస్తరా? ఉన్న డబ్బలన్ని పీకి మన మొఖాన కొడ్తరు” అని అరిచాడు.

“కొడితే కొట్టించుకుందాం” అన్నారు సార్. “పాత డబ్బా ఉన్న ప్రతి చోటా ఇదే పరిస్థితి. అన్నిటికీ కొత్త కోడ్ ఎక్కించాలి. ఎక్కించే ముందు ఎందుకో చెప్పాలి.”

ఓనర్ నన్ను చూశాడు. “నువ్వన్నా సోమారమే చెప్పొద్దా చెల్లె? ఇంటి మనిషివనుకున్న.” ఆయన ఫ్యాను కింద అటూ ఇటూ తిరిగి తిరిగి, “సరే, రేపు నా కార్ల పోదాం. కాని లోపలికి మాత్రం నేను రాను. నాకు సిగ్గయితది. కార్లనే కూసుంట” అన్నాడు. అంత బాధలోనూ సార్‌కు నవ్వు వచ్చింది.

శుక్రవారం ఎంక్వైరీ గదిలో అక్క తలుపు పక్క కుర్చీలో అంచు మీద కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. నన్ను చూసి చూపు తిప్పుకుంది. డబ్బా తరఫున వచ్చినదాన్ని కదా, తనకు ఎదురు చెప్పడానికే వచ్చాననుకుంది. ఇంకెలా అనుకుంటుంది?

సార్ నిలబడే మాట్లాడారు. పాత చిప్పు, కొత్త చిప్పు, నాలుగు సెకన్లు, అంతా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, “ఆ లైను నేను రాశాను. ఆ రోజు మీ సైరన్ మోగలేదు. మోగే అవకాశమే లేదు. ఈవిడ చెప్పింది నిజం” అన్నారు. తర్వాత నేను చెప్పాను. బుధవారం మోగింది నేను మార్చిన కోడ్ అని, మార్చిన సంగతి దాచి మోగించానని.

సూపర్‌వైజర్ నన్నే చూస్తూ, “నేను మిమ్మల్ని సూటిగా అడిగాను కదా మేడం” అన్నాడు.

“అడిగారండీ” అన్నాను.

వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని అక్కను మళ్లీ పనిలోకి రమ్మన్నారు. తలుపు రబ్బరు మారుస్తామన్నారు. మా డబ్బాల సంగతి తర్వాత తేలుస్తామన్నారు. బయటికి వచ్చాక సార్ అక్కకు రెండు చేతులూ జోడించారు. “అయ్యో, పెద్దమనిషివి, నువ్వు నాకు దండం పెట్టుడేంది సారు” అని ఆమె చేతులు పట్టుకుని దించేసింది. నా వైపు చూడకుండా వెళ్లి కారెక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు ఓనర్ కారు నడుపుతుంటే సార్ ముందు కూర్చున్నారు. వెనక అక్క, నేను. శామీర్‌పేట దగ్గర పడుతుండగా ఆమె నా వైపు తిరిగింది.

“నీకెప్పుడు తెల్సింది చెల్లె?”

“సోమారం అక్కా.”

తలూపింది. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

“బుధారం సూపర్‌వైజర్ ఫోన్ జేసిండు. సైరన్ మంచిగ మోగింది, ఇగ నీ మాట ఎవలు నమ్ముతరమ్మా అన్నడు. మీ బావ గూడ మాట్లాడుడు బంద్ జేసిండు. మోగే ఉంటది, నాకే ఇనబడలేదేమో అనుకున్న. నిన్న మేడ్చల్‌ల సెవుల డాక్టర్ దగ్గరికి పోయిన.” ఆమె చెవి కమ్మను వేళ్లతో తిప్పుకుంటూ ఉంది. “సెవులు మంచిగనే ఉన్నయన్నడు. గా మాట ఇని బస్టాండ్‌ల కూసోని ఏడ్సిన చెల్లె. సెవులు మంచిగుంటే, మరి నేను అబద్ధమే ఆడుతున్ననా అని.”